310 సీడీలు, 60 క్యాసెట్లు ఒక్క ఫోన్‌లో పట్టాలి, పాట బాగా వినపడాలి. ఏ ఫోన్ కొనాలి?

తంబురా_తెనాలి:

అందరికీ నమస్కారం. కొత్త ఫోన్ కొనాలి, సలహా కావాలి. కెమెరా ఎలా ఉన్నా ఫర్వాలేదు, గేములు ఆడే వయసు కాదు. ఫోన్‌తో నేను చేసేవి మూడే పనులు: మాట్లాడటం, వాట్సాప్ చూడటం, రాత్రి భోంచేశాక డాబా మీద పడక్కుర్చీ వేసుకుని ఓ రెండు గంటలు పాటలు వినడం. ఆ మూడోదాని కోసమే ఈ ప్రశ్న.

మా నాన్నగారు వదిలి వెళ్లిన ఆస్తి ఒక బీరువాడు సంగీతం. 310 ఆడియో సీడీలు, సంక్రాంతి సెలవుల్లో కూర్చుని లెక్కపెట్టాను. వాటిలో ముప్పావు వంతు కర్ణాటక కచేరీలు, మిగతావి పాత సినిమా పాటలు, కొన్ని హరికథలు. ఇంకా 60 క్యాసెట్లు. చాలావరకు ఆయన రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని పట్టినవే. శనివారం రాత్రి ఆకాశవాణిలో సంగీత జాతీయ కార్యక్రమం వస్తుంటే ఇంట్లో ఎవరూ దగ్గడానికి వీల్లేదు. అయినా ఒక క్యాసెట్‌లో తోడి ఆలాపన మధ్యలో మా అమ్మ "అన్నం చల్లారిపోతోంది" అనడం కూడా పడి ఉంది. ఇవి కాక పదిహేనేళ్లుగా నేను అక్కడా ఇక్కడా దింపుకున్న ఎంపీత్రీలు ఓ నాలుగు వేలు ఉంటాయి.

ఇప్పుడున్న ఫోన్ 64 జీబీ. వాట్సాప్ వీడియోలకే నిండిపోయి రోజూ "స్టోరేజ్ నిండింది" అని గోల. బడ్జెట్ 22 వేలు, ఇయర్‌ఫోన్స్‌తో కలిపి. మా అబ్బాయి బెంగళూరు నుంచి "నాన్నా ఐఫోన్ తీసుకో, మిగతా డబ్బు నేను కడతా" అంటున్నాడు. ఇక్కడ షాపులో కుర్రాడేమో డాల్బీ అట్మాస్ ఉంది సార్, డబ్బా మీద హై-రెస్ ముద్ర ఉంది సార్ అని ఒకటి చేతిలో పెట్టాడు, చూస్తే దానికి ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే రంధ్రమే లేదు! ఆ ముద్రకి అర్థం ఏమిటి, బ్లూటూత్‌లో నిజంగా క్వాలిటీ పోతుందా, 128 జీబీ సరిపోతుందా 256 కావాలా, అసలు సీడీలని ఫోన్‌లోకి ఏ రూపంలో ఎక్కించాలి, అన్నీ ఒకేసారి అడుగుతున్నాను, ఏమనుకోవద్దు.

కోఠి_కుర్రోడు:

సర్ నమస్తే. షాపు కుర్రాడి మాట పట్టించుకోకండి, నేనూ ఒకప్పుడు అలాంటి కౌంటర్ వెనకే నిలబడ్డా కాబట్టి చెప్తున్నా. డాల్బీ అట్మాస్ అన్నది మీ సీడీల్లాంటి మామూలు స్టీరియో పాట మీద వేస్తే ఒక రకం ఈక్వలైజర్ లాంటిదే, చుట్టూ పెద్ద గది ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. సినిమా చూసేటప్పుడు సరదాగా ఉంటుంది, కచేరీకి మాత్రం ఆపేసి వినండి. హై-రెస్ ముద్ర జపాన్ ఆడియో సొసైటీ లైసెన్సు మీద ఇచ్చేది, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఆడియోని ఆ పరికరం మోయగలదని దానర్థం. మీ సీడీ ఏమో 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్. లారీ మాట్లాడుకుంటారా, మీ సామాను ఆటోకి సరిపోతుంది. ముద్ర ఉంటే నష్టం లేదు, దాని కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

మీరు చూడాల్సినవి రెండే, పిన్ను రంధ్రం ఉందా, మెమరీ కార్డు స్లాట్ ఉందా. తమాషా ఏంటంటే ఫోన్ ధర పెరిగేకొద్దీ ఈ రెండూ మాయమవుతాయి. ఐఫోన్‌కి 2016లో 7 మోడల్ నుంచి జాక్ లేదు, కార్డు స్లాట్ ఎన్నడూ లేదు. శాంసంగ్ పెద్ద ఫోన్లలో 2021లో వచ్చిన ఎస్21 నుంచి కార్డు తీసేశారు, ఇప్పుడు మధ్య రకంలోనూ అంతే, గెలాక్సీ ఏ55లో ఉన్న స్లాట్ ఏ56లో లేదు. కాబట్టి మీ అబ్బాయి లక్ష పెట్టి కొనిచ్చే దానికంటే మీ బడ్జెట్‌లో వచ్చేదే మీ పనికి పనికొస్తుంది. మోటోరోలా జీ సిరీస్‌లో, రెడ్‌మీలో, శాంసంగ్ చవక రకాల్లో ఇంకా దొరుకుతున్నాయి. కానీ ఒకే సిరీస్‌లో ఒక మోడల్‌కి ఉంటుంది, పక్క మోడల్‌కి ఉండదు, అందుకని పేరు నమ్మి కొనకుండా షాపులోనే సిమ్ ట్రే బయటికి లాగి చూడండి. చాలావాటిలో హైబ్రిడ్ స్లాట్ ఉంటుంది, అంటే రెండో సిమ్ పెడితే కార్డు పెట్టడానికి చోటుండదు. రెండు సిమ్‌లు వాడేవాళ్లు ఇంటికెళ్లాక తెలుసుకుని లబోదిబోమంటారు.

ఇంకో మాట. కార్డు వేయగానే కొన్ని ఫోన్లు "ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడాలా" అని అడుగుతాయి. వద్దు అనండి. అవును అంటే ఆ కార్డుని ఆ ఫోన్‌కే తాళం వేసేస్తుంది, ఫోన్ పోతే కార్డు తీసి ఇంకోదాంట్లో పెట్టినా ఒక్క పాట కూడా కనపడదు.

జాక్ ఉన్న చవక ఫోన్‌లో సౌండ్ ఎలా ఉంటుందీ అంటే, మామూలు 16, 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌కి బాగానే ఉంటుంది, మరీ సున్నితమైనవి పెడితే పాట ఆగినప్పుడు సన్నగా సుయ్యిమని వినిపించొచ్చు. అప్పటికి టైప్-సీ డాంగిల్ (ఛార్జింగ్ రంధ్రంలో పెట్టి ఇయర్‌ఫోన్ తగిలించే చిన్న తీగ) ఒకటి కొనుక్కోండి, లోపల డాక్ చిప్ ఉన్నదే తీసుకోవాలి. డాక్ అంటే ఫైల్‌లో ఉన్న అంకెల్ని కరెంటు తరంగంగా మార్చేది. వంద రూపాయల డాంగిళ్లలో కొన్నింట్లో అదేమీ ఉండదు, వట్టి తీగే, చాలా ఫోన్లలో పనే చేయదు. వెయ్యి నుంచి మూడు వేల లోపు మంచివి వస్తాయి. యాపిల్ డాంగిల్ చవకే, దాని సౌండ్ శుభ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్నుంచి వాల్యూమ్ తక్కువ వస్తుంది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లయితే చాలావాటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (బయటి పరికరాన్ని తగిలించనిచ్చేది) ఆన్ చేస్తేనే డాంగిల్ పలుకుతుంది, పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది. డాంగిల్ పాడైందని వాపసు ఇచ్చేసిన వాళ్లు బోలెడు మంది.

ఉప్పల్_టు_హైటెక్‌సిటీ:

ఇంత కష్టం ఎందుకండీ, నెలకి వందో నూటయాభయ్యో కడితే అన్నీ యాప్‌లోనే ఉంటాయి కదా. యాపిల్ మ్యూజిక్‌లో 2021 జూన్ నుంచి అదనపు డబ్బు లేకుండానే లాస్‌లెస్, అంటే ఏమీ కోల్పోని పాట, ఇస్తున్నారు, ఆండ్రాయిడ్‌లోనూ వస్తుంది. సీడీ క్వాలిటీ ఇంట్లో కూర్చుంటే వచ్చేస్తుంది.

బ్లూటూత్ గురించి అడిగారు కాబట్టి చెప్తా, నేను రోజూ మెట్రోలో వాడేది అదే. సీడీ సెకనుకి 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ అనే పద్ధతి ఎక్కువ మోసేవాటిలో ఒకటి, గరిష్ఠం 990, అది కుదరకపోతే 660, 330. మామూలు ఎస్‌బీసీ పద్ధతి అయితే 328 దగ్గరే ఆగిపోతుంది. ఎల్‌డాక్ సోనీది, ఆండ్రాయిడ్ 8 నుంచి లోపలే ఉంటుంది, కానీ ఇయర్‌బడ్స్‌లో కూడా ఉంటేనే ఉపయోగం. ఐఫోన్‌లో అది లేదు, ఏఏసీ అనే పద్ధతి వరకే. నేను డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 990 పెట్టి చూశా, ఇంట్లో బ్రహ్మాండం, అమీర్‌పేట స్టేషన్‌లో జనం మధ్య ముక్కలు ముక్కలు, 660కి దించాక కుదుటపడింది. నిజం చెప్పాలంటే రైలు చప్పుడులో నాకు 330కీ 660కీ తేడా తెలియలేదు. డాబా మీద నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లకి తెలుస్తుందేమో.

వీణ_టీచరమ్మ:

ఉప్పల్ తమ్ముడూ, వాళ్ల నాన్నగారి క్యాసెట్లు ఏ యాప్‌లో ఉన్నాయో చూపించు బాబూ. సీడీల సంగతీ అంతే. కర్ణాటక సంగీతంలో చిన్న చిన్న కంపెనీలు వేసినవి చాలా ఉన్నాయి, కొన్ని యాప్‌లోకి రానే రాలేదు, వచ్చినవి కూడా లైసెన్సు తీరిపోతే ఒక రోజు పొద్దున్నే బూడిద రంగులోకి మారి నొక్కినా పలకవు. పిల్లలకి ఒక వర్ణం వినిపిద్దామని క్లాసులో ఫోన్ తీస్తే అదే జరిగింది నాకు. చేతిలో ఉన్న సీడీ ఎక్కడికీ పోదు.

తెనాలి వారికి ఒక మాట, దీన్ని ఫోన్ల గురించి రాసేవాళ్లు చెప్పరు. కచేరీ సీడీలో రాగం ఒక ట్రాక్, తానం ఒక ట్రాక్, పల్లవి ఒక ట్రాక్‌గా కోసి పెడతారు, కానీ పాడిన మనిషి ఆపలేదు, తంబురా ఆగలేదు. ఎంపీత్రీగా మార్చినప్పుడు ప్రతి ముక్క ముందూ వెనకా కాస్త ఖాళీ చేరుతుంది. ట్రాక్ మారిన ప్రతిసారీ తంబురా టక్కుమని తెగి మళ్లీ మొదలవుతుంది, నాకు మెట్టు తప్పి కాలు జారినట్టు ఉంటుంది. ఫ్లాక్ అని, పాటలో ఏమీ పోకుండా కుదించే ఫైల్ రూపం ఒకటుంది, దాంట్లో ఆ ఖాళీ చేరదు. ప్లేయర్ యాప్‌లో కూడా గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా) అన్నది ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్లో ఇంకోటి కలిపేది) అన్నది ఆపేయాలి. నేను వాడేది మ్యూజికోలెట్, డబ్బు అడగదు, ఇంటర్నెట్ అడగదు, ప్రకటనల్లేవు. డబ్బు పెట్టేవాళ్లు పవర్‌యాంప్ అంటారు.

128 ఎంపీత్రీలో, అంటే సెకనుకి 128 కిలోబిట్లదాంట్లో, మృదంగం విని, అదే సీడీలో విని చూడండి. గొంతు పెద్దగా తేడా ఉండదు, దెబ్బ పడే క్షణానికి ముందే బుస్ అని చిన్న మసక వస్తుంది, ఘటం, తాళాలు అయితే ఇసుక రాలినట్టు ఉంటాయి. 320లో ఆ మసక చాలావరకు పోతుంది, 320కీ ఫ్లాక్‌కీ తేడా నేను కళ్లు మూసుకుని చెప్పలేను, చెప్పగలనని అబద్ధం ఆడను. అయినా ఫ్లాక్‌లోనే పెట్టుకోమంటాను, రేపు వేరే రూపంలోకి మార్చాల్సి వస్తే మళ్లీ 310 సీడీలు తిప్పే ఓపిక ఎవరికుంటుంది?

మెమరీ కార్డు విషయంలో నా పాట్లు మీకు వద్దు. రెండేళ్ల కింద ఒక ఆన్‌లైన్ అంగడిలో 512 జీబీ కార్డు 600 రూపాయలకి కనపడితే ఎగిరి గంతేసి కొన్నాను. రాజమండ్రిలో షాపులో అడిగితే అంతకు ఎన్నో రెట్లు చెప్పారు, వీళ్లు దోచేస్తున్నారనుకున్నా కూడా. నెల రోజులు పాటలు ఎక్కించాను. పేర్లన్నీ కనపడతాయి, నొక్కితే సగం పాటలు పలకవు. లోపల ఉన్నది 32 జీబీ అట, ఫోన్‌కి 512 అని అబద్ధం చెప్పేలా చేశారట, 32 దాటాక రాసింది రాసినట్టే గాల్లో కలిసిపోయింది. మా మేనల్లుడు కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఏదో పెట్టి తేల్చాడు, కార్డు నిండా రాసి మళ్లీ చదివి చూస్తుంది. కొన్న రోజునే అది చేయండి, గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

వాల్తేరు_అప్‌లాండ్స్:

మాస్టారూ (మాస్టారో కాదో తెలీదు, రాసిన తీరు చూసి అంటున్నా), ఫోన్ పేరు ఆఖర్న తేల్చుదాం, ముందు లెక్క వేద్దాం, లెక్క తేలితే ఫోన్ దానంతటదే తేలుతుంది.

గంట నిడివి సీడీ ఉన్నదున్నట్టు ఎక్కిస్తే 635 ఎంబీ. ఫ్లాక్ చేస్తే సుమారు సగానికి వస్తుంది, 350 అనుకోండి, నష్టం సున్నా, జిప్ ఫైల్ విప్పితే అక్షరం పోనట్టే. 310 సీడీలకి 108 జీబీ. నాలుగు వేల ఎంపీత్రీలు ఒక్కోటి 5 ఎంబీ చొప్పున 20. క్యాసెట్లు 60, గంట చొప్పున, వాటికి గంటకి 400 ఎంబీ వేయాలి, ఎందుకో కింద చెప్తా, 24 జీబీ. మొత్తం 152. ఇప్పుడు 128 జీబీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ పోగా మనకి మిగిలేది వంద. వాట్సాప్ ఎలాగూ దాన్ని తినేస్తుంది. కాబట్టి 128 ఫోన్ అయితే 256 కార్డు తప్పదు, 256 ఫోన్ అయితే బొటాబొటిగా సరిపోతుంది గానీ కార్డు ఉంటే నిశ్చింత. కార్డు స్పీడు గురించి డబ్బు తగలేయకండి, వీ30 అనీ ఏ2 అనీ ఉండేవి వీడియోలకీ యాప్‌లకీ, పాటకి సెకనుకి పావు ఎంబీ కూడా అక్కర్లేదు, పేరున్న కంపెనీది క్లాస్ 10 చాలు.

క్యాసెట్లకి ఎందుకు ఎక్కువంటే, ఫ్లాక్ అనేది సిగ్నల్‌లో క్రమాన్ని పట్టుకుని కుదిస్తుంది. టేపు హిస్ అంటే క్రమం లేని రొద, అది కుదరదు. అదే మోనోలో ఉన్న పాత సినిమా పాట సీడీ అయితే ఎడమ కుడి రెండూ ఒకటే, ఫ్లాక్ దాన్ని కనిపెట్టి ఒకటే రాస్తుంది, సైజు దాదాపు సగం అవుతుంది. మీ రేడియో క్యాసెట్లూ మోనోయే, కానీ స్టీరియో డెక్‌లో రెండు ఛానెళ్లుగా తీస్తే చెరోవైపు హిస్ వేరువేరుగా ఉంటుంది కాబట్టి ఫ్లాక్‌కి అవి ఒకటని తెలియదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో రెండూ కలిపి మోనో చేసేయండి, హిస్ కాస్త తగ్గుతుంది, సైజూ సగమవుతుంది. వాటిని 24 బిట్ 96లో తీయమని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరమే 9 కిలోహెర్ట్జ్, ఆ రేడియో పలికించేది నాలుగైదు కిలోహెర్ట్జ్ వరకే, పైన ఉన్నదంతా టేపు రొద. 16 బిట్ 44.1 దండిగా సరిపోతుంది.

సీడీలు ఎక్కించడానికి పాత కంప్యూటర్, యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఒకటి చాలు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది గీతలు పడ్డ చోట మళ్లీ మళ్లీ చదివి, అదే సీడీని లోకంలో వేరేవాళ్లు ఎక్కించిన దాంతో సరిపోల్చి చూసి సరిగ్గా వచ్చిందో లేదో చెప్తుంది. మన కర్ణాటక సీడీలు ఆ జాబితాలో చాలాసార్లు ఉండవు, అప్పుడు టెస్ట్ అండ్ కాపీ నొక్కితే రెండుసార్లు చదివి రెండూ ఒకటేనా అని చూస్తుంది. రోజుకి పది చొప్పున నెలలో అయిపోతాయి. నేను మొదటి నలభై హడావుడిగా చేసి పేర్లు పెట్టకుండా వదిలేశా, ట్రాక్01, ట్రాక్02 అని ఎనిమిదేళ్లుగా అలాగే ఉన్నాయి, ఏది ఏమిటో విని కనుక్కోవాల్సిందే. మీరు చేసేటప్పుడే పేర్లు పెట్టండి. జానర్ (సంగీతం రకం) అన్న చోట "కర్ణాటక" అని మూడు వందల సార్లు రాయకుండా రాగం పేరు రాయండి, అప్పుడు ఫోన్‌లో తోడి నొక్కితే ఎవరు పాడినవైనా తోడులన్నీ ఒక్కచోట వస్తాయి.

మీ ఎంపీత్రీల్ని మాత్రం ఫ్లాక్‌గా మార్చకండి, పోయింది తిరిగి రాదు, సైజు పెరుగుతుందంతే. అలా పెంచినవే "లాస్‌లెస్" అని పేరు పెట్టి ఇచ్చేవాళ్లున్నారు, స్పెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో పెట్టి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఉంటుంది, అది 128 ఎంపీత్రీ వేలిముద్ర.

అన్నిటికంటే ముఖ్యం, ఫోన్‌లో ఉన్నది వినడానికి, దాచుకోవడానికి కాదు. అసలు కాపీ ఒక హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ మీ అబ్బాయి దగ్గర బెంగళూరులో ఉండాలి. ఐఫోన్ డబ్బు కడతానన్నాడు కదా, ఆ డబ్బుతో రెండు డిస్కులు కొనమనండి.

ఫ్రిస్కో_గుంటూరోడు:

అన్నా, సౌండే కావాలంటే పాత ఎల్‌జీ చూడొచ్చు కదా? వీ30, జీ7, వీ60 వీటిల్లో క్వాడ్ డాక్, అంటే నాలుగు డాక్‌లు కలిపిన చిప్ ఉంటుంది, జాక్, కార్డు రెండూ ఉంటాయి. ఇక్కడ డల్లాస్‌లో వాడినవి చవగ్గా దొరుకుతాయి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చిస్తా. సోనీ ఎక్స్‌పీరియా 1 సిరీస్ కూడా ఉంది, ఖరీదైన వాటిలో జాక్, కార్డు ఇంకా వదలనిది అదొక్కటే అనిపిస్తుంది, కాకపోతే సోనీ ఇండియాలో ఫోన్లు అమ్మడం 2019లోనే మానేసింది.

కోఠి_కుర్రోడు:

ఫ్రిస్కో అన్నా, నీ మనసు మంచిదే గానీ పెద్దాయనకి ఎల్‌జీ అంటగట్టకు. 2021లో వాళ్లు ఫోన్ల వ్యాపారమే మూసేశారు, సెక్యూరిటీ అప్‌డేట్ రాదు, బ్యాటరీ ముసలిదై ఉంటుంది, అసలు బ్యాటరీ దొరకదు, అక్కడి కంపెనీ లాక్ ఉంటే మన సిమ్ పలకదు. ఆ ఫోన్‌లోనే బ్యాంకు యాప్ కూడా ఉంటుంది ఆయనకి. సిమ్ లేకుండా వట్టి పాటల డబ్బాగా వాడతానంటే సరే, బంగారం. సోనీ తెస్తే ఇక్కడ స్క్రీన్ పగిలిందా, స్పేర్ కోసం నాకే ఫోన్ చేస్తారు, నా దగ్గరా ఉండదు.

తంబురా_తెనాలి:

మాస్టార్నే, లెక్కల మాస్టార్ని, అయినా లెక్క వేయకుండా కొనబోయినందుకు సిగ్గుపడాలి. అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను.

మోటోరోలా జీ సిరీస్‌లో 256 జీబీది తీసుకున్నాను, 17 వేల లోపే వచ్చింది. ట్రే లాగి చూస్తే హైబ్రిడ్డే. రెండో సిమ్ ఎలాగూ రీఛార్జి చేయడం లేదు, తీసి అవతల పెట్టాను. కార్డు 256 షాపులోనే బిల్లుతో కొన్నాను, టీచర్ గారు చెప్పిన పరీక్ష రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి తప్పులేమీ లేవని వచ్చింది. ఇయర్‌ఫోన్స్‌కి రెండు వేలు మిగిలితే మూన్‌డ్రాప్ చూ తెప్పించాను, చెవిలో సరిగ్గా కూర్చునే రబ్బరు సైజు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది, పెద్ద సైజు పెట్టుకుని బేస్ లేదేంటి అని తిట్టుకున్నాను, మధ్యది పెట్టగానే మృదంగం తొప్పి వైపు గుమ్ అని వచ్చింది. డాంగిల్ ఇంకా కొనలేదు. సుయ్యిమనే చప్పుడు నాకైతే వినపడలేదు, 53 ఏళ్ల చెవులు మరి.

ఒక పరీక్ష కూడా చేశాను. ఒకే కృతి 128 ఎంపీత్రీ, 320, ఫ్లాక్ మూడూ చేసి పెట్టి, మా ఆవిడని ఏది వేస్తున్నదీ చెప్పకుండా వేయమన్నాను. పదిసార్లలో 128ని తొమ్మిదిసార్లు పట్టుకున్నాను. మిగతా రెండింటి దగ్గర నా మార్కులు ఫెయిలే, టీచర్ గారు చెప్పినట్టే అయింది. అయినా ఫ్లాక్‌లోనే ఎక్కిస్తున్నాను, ఇప్పటికి 190 సీడీలు అయ్యాయి, రాగాల పేర్లతో సహా.

క్యాసెట్ల దగ్గరే ఆగాను. 19 అయ్యాయి. తోడి ఉన్నదానికి హిస్ తగ్గించే ఫిల్టర్ వేస్తే అమ్మ మాట నీళ్లలోంచి వచ్చినట్టు అయిపోయింది, తీసేసి మళ్లీ మామూలుగా ఎక్కించాను, హిస్ ఉంటే ఉండనీ. ఇప్పుడు ఇంకో సమస్య, నాలుగు రోజుల నుంచి అన్ని క్యాసెట్లూ కాస్త బరువుగా, నిదానంగా వినిపిస్తున్నాయి. టేపులు పాడయ్యాయా, డెక్కా?

వీణ_టీచరమ్మ:

శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని చూడండి. అన్ని క్యాసెట్లూ ఒకే మోతాదులో, అర స్వరమో అంతకంటే కాస్త తక్కువో దిగి ఉంటే టేపుల తప్పు కాదు, డెక్ తప్పు.

వాల్తేరు_అప్‌లాండ్స్:

డెక్‌లో టేపుని తిప్పే రబ్బరు బెల్టు సాగింది, అంతే. మార్చే దాకా ఇంకేమీ ఎక్కించకండి. ఈ నాలుగు రోజుల్లో చేసినవి కూడా మళ్లీ చేయాల్సిందే. బెల్టు మార్చేటప్పుడే హెడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడిచేయండి, గోధుమ రంగు మట్టి వస్తుంది.

తంబురా_తెనాలి:

చూశాను, అన్నీ సమానంగా దిగాయి. డెక్కే. తెనాలిలో బెల్టు దొరకలేదు, విజయవాడ గవర్నర్‌పేటలో అడిగితే ఇంకా క్యాసెట్లు వింటున్నారా అని నవ్వారు.

కోఠి_కుర్రోడు:

ఇక్కడ గుజరాతీ గల్లీలో చూస్తా సర్, పాత సరుకు పెట్టుకున్న వాళ్లు ఒకరిద్దరు తెలుసు నాకు. మూత విప్పి బెల్టు బయటికి తీసి, సాగదీయకుండా మడిచి పట్టుకుని, ఆ మడత పొడవు, మందం మిల్లీమీటర్లలో కొలిచి మెసేజ్ పెట్టండి. సాగిన బెల్టు కాబట్టి పొడవులో ఐదు శాతం తగ్గించే అడుగుతా. రెండు కొంటా, ఒకటి దాచుకోండి.